మూడు కండ్ల మోరీ

రిజిస్ట్రేషన్ కాగితం మీద నా పేరు:
బి. ఎర్రిస్వామి, ఐదో తరగతి కాంట్రాక్టరు.
ఐదో తరగతితోనే బడి మానినవాణ్ని.
ఆ కాగితం చేతికొచ్చిన రోజు
దస్తగిరి మేస్త్రీ నవ్వినాడు:
"మళ్లీ అదే క్లాసులో కూర్చోబెట్టినారు గదన్నా!"

కళ్యాణదుర్గం రోడ్డుకు అడ్డంగా ఎర్రొంక.
వంక అని పటంలో ఉంది.
నేను పోయి చూస్తే ఇసకలో మేకల అడుగులు,
జాలిచెట్టు కింద పేకాడేవాళ్లు.
అంచనా ముప్పై ఎనిమిది లక్షలు.
పదహారు శాతం తక్కువేసినోడు
బ్యాంకు గ్యారంటీ దగ్గర మాయమైనాడు.
నాలుగు శాతం తక్కువతో నాకొచ్చింది.

నీళ్లను దాటడానికి కట్టే మోరీకి
నీళ్లు కొనుక్కొచ్చి పోసినాను.
ట్యాంకరు తొమ్మిది వందలు, రోజుకు రెండు,
ఇరవై ఒక్క రోజులు.
గోనెపట్టాలు ఆరితే నా గొంతు ఆరేది.
"తేదీలు రాసుకుంటే చాలబ్బా,
తడిసిందీ లేందీ ఎవురొచ్చి చూస్తారు?" అన్నాడు
సిమెంటు షాపు గురప్ప.
నిజమే, ఎవరూ రాలేదు.
సిమెంటుకు తెలుస్తాదని పోసినాను,
అంతకన్నా గొప్ప కారణమేమీ లేదు.
మా వనజాక్షి లెక్కల పుస్తకంలో
'నీళ్లు' అన్న వరుసలో
ముప్పై ఏడు వేల ఎనిమిది వందలు వేసి
పెన్ను కాసేపు గాల్లోనే పెట్టుకుంది.

కూలీలూ కంకరా కమ్మీ పోను
లాభం రెండు లక్షల ఎనభై వేలు.
దాంట్లో తొంభై ఒక్క వేల రెండు వందలు
సర్కారు తన గుప్పిట్లోనే పెట్టుకుంది,
రెండేండ్లు,
మోరీ నిలబడతాదో లేదో చూద్దామని.

రెండేండ్లూ వాన లేదు.
మొదటి కంట్లో పిల్లోళ్లు బొగ్గుతో వికెట్లు గీసినారు.
రెండో కంట్లో ఎవరో శెనక్కాయ కట్టె వామేసినారు.
మూడోది మధ్యాన్నం పూట గొర్రెలకు.
గడువు తీరిన రోజు జేఈ మేడమొచ్చి
గోడల మీద వేలితో తట్టి చూసి రాసింది:
లోపాలు లేవు.
పరీక్షే పెట్టకుండా పాసు చేసినట్టయింది నాకు.
డబ్బు పడింది. పాత మిక్సరొకటి కొన్నాను.
ఎర్రొంక పేజీ కింద వనజాక్షి రెండు గీతలు కొట్టింది.

ముప్పై నాలుగో రోజు రాత్రి వాన.
మామూలు వాన గాదు, రేకుల మీద గులకరాళ్లు.
రెండు గంటలకు బండి తాళం తీసుకుంటే
"అది మనది గాదు గదా ఇప్పుడు!" అనింది.
"ఊరికే," అన్నాను.

టార్చి వేస్తే
వంక పేరు నిజం చేసుకుంటోంది,
ఎర్రగా, అడ్డదిడ్డంగా.
వికెట్లు మునిగినాయి, వాము యాడికో పోయింది.
ఎగువనుంచి ఒక తుమ్మ మొద్దు వస్తోంది,
తాగినోడు ఇల్లు వెతుక్కున్నట్టు.
నడిమి గోడకు కొట్టుకుంది.
ఆ దెబ్బ నా మోకాటి చిప్పలో తగిలింది.
మొద్దు కాసేపు ఆలోచించి,
పక్కకు తిరిగి,
మూడో కంట్లోంచి వెళ్లిపోయింది.

వెనకనుంచి హారను. టమోటాల లారీ.
"యాడ నిలబడినావప్పా, జరుగు!"
జరిగినాను.
లారీ నా మోరీ మీద, కాదు, సర్కారు మోరీ మీద
బరువుగా, తొందరేమీ లేకుండా పోయింది.
వాని గేరు మారిన చప్పుడు అవతలి గట్టు మీద విన్నాను.

తెల్లారి వనజాక్షి పుస్తకం తెరిచింది.
"పెట్రోలు ఎంత?"
"అరవై."
"ఏ పని కింద రాయాల?"
నాకు తెలియలేదు.
తనే వెనక్కి తిప్పింది, రెండు గీతలు దాటి, పైకి పోయి,
'నీళ్లు' పక్కన
చిన్న అక్షరాలతో ఇరికించింది: అరవై.